సికింద్రాబాద్‌లో ఉన్న అలెగ్జాండర్ ఎవరు?

సికింద్రాబాద్ పేరులో అలెగ్జాండర్ ఉన్నాడన్న మాట క్విజ్ పోటీల్లోనూ వాట్సాప్ సందేశాల్లోనూ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఆ మాట విని గ్రీకు వీరుడు ఇక్కడిదాకా వచ్చాడన్నమాట అని కొందరు ఆశ్చర్యపోతే, అదంతా కట్టుకథ, ఊరికి నిజాం పేరు పెట్టారంతే అని మరికొందరు కొట్టిపారేస్తారు. రెండు వైపులా సగం నిజమే ఉంది. క్రీ.పూ. 326లో బియాస్ నది ఒడ్డున తన సైన్యం ఇక అడుగు ముందుకు వేయనని మొండికేయడంతో వెనుదిరిగిన అలెగ్జాండర్ దక్కను గడప తొక్కలేదు. పేరు మాత్రం వచ్చింది, అదీ ఒక్కసారి కాదు, ఒక్క రూపంలో కాదు. పేరునూ మనిషినీ ఒకటిగా చూడటం వల్లనే ఈ చిక్కంతా వస్తోంది. ఆ పేరు ఆ చక్రవర్తికి తొమ్మిది వందల ఏళ్ల ముందే ఉంది. ఆయన తరువాత అది పెట్టుకున్నవారిలో చాలామంది ఆయనను తలచుకుని పెట్టుకున్నవారు కారు.

అంగరక్షకుడా, దోమతెరా?

గ్రీకులో ఈ పేరు అలెక్సాండ్రోస్. ఇది రెండు ముక్కల సమాసం. మొదటి ముక్కలో ఉన్నది 'అలెక్సో' అనే క్రియ. అడ్డుకొను, తరిమివేయు, కాపాడు అని దాని అర్థాలు. రెండోది మగవాడు, వీరుడు అనే అర్థం గల 'అనేర్'. షష్ఠీ విభక్తిలో అది 'అండ్రోస్' అవుతుంది. ఈ రెండూ మనకు చుట్టాలే. సంస్కృతంలోని 'రక్ష్' ధాతువూ గ్రీకు 'అలెక్స్' ధాతువూ ఒకే మూలం నుంచి వచ్చాయనీ, మన 'నర' శబ్దమూ గ్రీకు 'అనేర్' శబ్దమూ అలాంటివేననీ తులనాత్మక భాషాశాస్త్రం చెబుతుంది. అంటే అలెక్సాండ్రోస్ అన్న పేరును ముక్కకు ముక్క సంస్కృతంలోకి మారిస్తే 'రక్ష', 'నర' అనే శబ్దాలే వస్తాయి. పిల్లల పేర్ల పుస్తకాలన్నీ రాసే 'మనుషులను రక్షించేవాడు' అనే అర్థానికి ఆధారం ఇదే.

అయితే ధాతువులు తెలిసినంత మాత్రాన సమాసం అర్థం తేలిపోదు. తెలుగులోనే చూడండి. అంగరక్షకుడు అంటే అంగాన్ని, అంటే శరీరాన్ని, రక్షించేవాడు. దోమతెర అంటే దోమలను రక్షించే తెర కాదు, దోమల బారి నుంచి మనలను రక్షించే తెర. సమాసంలో మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య ఉన్న సంబంధం పైకి కనిపించదు. వాడుక తెలిసినవారు దాన్ని పూరించుకుంటారు. మరి అలెక్సాండ్రోస్ అంగరక్షకుడి వంటి మాటా, దోమతెర వంటి మాటా?

దోమతెర పక్షానికి బలమైన సాక్ష్యాలే ఉన్నాయి. గ్రీకులు హెరాక్లీస్‌నూ అపోలోనూ 'అలెక్సికాకోస్' అని కొలిచేవారు; 'కాకోస్' అంటే చెడు, కాబట్టి అది చెడును తరిమేవాడు అనే బిరుదు. విషానికి విరుగుడును 'అలెక్సిఫార్మకోన్' అన్నారు; ఇక్కడ 'ఫార్మకోన్' విషం. ఈ రెండింటిలోనూ అలెక్సి పక్కన ఉన్నది తరిమివేయవలసిన వస్తువే. ఆ లెక్కన అలెక్సాండ్రోస్ అంటే మీదికి వచ్చే మగవారిని, అంటే శత్రువీరులను, తరిమికొట్టేవాడు కావాలి. అంగరక్షకుడి పక్షానికీ సాక్ష్యం లేకపోలేదు. అలెక్సిడేమోస్ అనే పేరు గ్రీసులో ఉండేది. 'డేమోస్' అంటే ప్రజ. సొంత ప్రజలను తరిమేవాడు అని ఏ తల్లిదండ్రులూ కొడుక్కి పేరు పెట్టరు కనుక అక్కడ రక్షణ అర్థమే పొసగుతుంది.

దీనికి తోడు గ్రీకు పేర్లు ప్రతిసారీ అర్థవంతమైన వాక్యాలు కావు. మన ఇళ్లల్లో తాతగారి వెంకటనూ నాయనమ్మ కోరిన సుబ్రహ్మణ్యాన్నీ కలిపి ఒక పేరు చేసినట్టే వారూ ఇరువైపుల వంశాల ముక్కలను అతికేవారు. అరిస్టోఫనీస్ రాసిన ఒక హాస్య నాటకంలో, పొదుపరి తండ్రి తన తండ్రి పేరులోని 'పొదుపు' ముక్క కావాలనీ, గొప్పింటి తల్లి దర్జాకు గుర్తయిన 'గుర్రం' ముక్క కావాలనీ పోట్లాడుకుని, చివరికి రెండూ కలిపి ఫైడిప్పిడీస్ అని పెడతారు. అలాంటి పేరుకు అర్థం చెప్పమంటే ఏమి చెప్పగలం? అలెక్సాండ్రోస్ అంత అతుకుల బొంత కాదు గాని, 'మనుషుల రక్షకుడు' అనే ఒక్క ముక్కతో నిఘంటువులు దాన్ని ముగించడం మాత్రం కొంత తొందరపాటే.

చక్రవర్తికి ముందు

ఈ పేరుకు ఇంతవరకు దొరికిన పాత రాతల్లో ఒకటి స్త్రీ పేరు. గ్రీసులోని మైసీనేలో దొరికిన, క్రీ.పూ. 13వ శతాబ్దానికి చెందిన ఒక మట్టి పలక మీద 'అ-రె-క-స-ద-ర' అని ఉంది. లీనియర్ బి అనే ఆ లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించేదాకా దాన్ని చదవగలిగినవారు లేరు. ఆ లిపిలో ల, ర లకు వేరు వేరు గుర్తులు లేవు. హల్లుకు ముందు వచ్చే అనునాసికాన్ని రాయరు. ఆ రెండు లోట్లనూ పూరిస్తే వచ్చేది అలెక్సాండ్రా.

ఇంచుమించు అదే కాలంలో, నేటి తుర్కియేలో ఉన్న, హిట్టైట్ అనే ప్రాచీన సామ్రాజ్యపు రాజధాని పలకల మీద అలక్సందు అనే మరో పేరు కనిపిస్తుంది. క్రీ.పూ. 1280 ప్రాంతంలో హిట్టైట్ చక్రవర్తి రెండో మువతల్లితో సంధి చేసుకున్న ఈ అలక్సందు విలుసా అనే రాజ్యానికి అధిపతి. విలుసా అంటే గ్రీకు కవి హోమర్ చెప్పిన ఇలియోస్, అంటే ట్రాయ్ నగరమేనని నేడు ఎక్కువమంది పండితులు అంగీకరిస్తారు. హోమర్ కావ్యంలో హెలెన్‌ను ఎత్తుకుపోయిన ట్రాయ్ రాకుమారుడు పారిస్‌కు రెండో పేరు అలెక్సాండ్రోస్. కవి పారిస్ అన్నదానికంటే అలెక్సాండ్రోస్ అన్నదే ఎక్కువ.

ఇక్కడే వివాదం మొదలవుతుంది. అలక్సందు అన్నది అనటోలియా, అంటే నేటి తుర్కియే ప్రాంతపు స్థానిక నామమనీ, గ్రీకులు దాన్ని విని తమ మాటల్లోకి ఒదిగించుకుని అలెక్సాండ్రోస్ అన్నారనీ కొందరు వాదించారు. పరాయి మాటను తెలిసిన మాటగా వినడం ఏ భాషకైనా సహజమే కాబట్టి ఆ వాదం తేలిగ్గా తీసేయదగినది కాదు. కాని మైసీనే పలక బయటపడ్డాక తూకం రెండో వైపు మొగ్గింది. గ్రీకు గడ్డ మీద, గ్రీకు భాషలోనే, అదే కాలంలో అలెక్సాండ్రా ఉన్నప్పుడు, అలక్సందు అన్నదే గ్రీకు పేరును హిట్టైట్లు తమ నోటికి తగ్గట్టు రాసుకున్న రూపం అనుకోవడం మరింత సులువు. ట్రాయ్ రాజుకు గ్రీకు పేరు ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది; పెళ్లి సంబంధాల వల్ల కావచ్చునన్నది ఒక ఊహ.

పారిస్‌కు ఆ రెండో పేరు ఎందుకు వచ్చిందో తరువాతి గ్రీకులు ఒక కథ చెప్పుకున్నారు. పుట్టగానే అడవిలో వదిలేసిన ఆ పిల్లవాడు పశువుల కాపరిగా పెరిగి, మందల మీద పడ్డ దొంగలను తరిమి పశువులను కాపాడాడనీ, అందుకే అలెక్సాండ్రోస్ అన్నారనీ ఆ కథ. దొంగలను తరిమాడు, మందను కాపాడాడు. అంగరక్షకుడూ దోమతెరా రెండూ ఒకే కథలో ఉన్నాయంటే, ఆ అనుమానం గ్రీకులకే ఉండేదేమోననిపిస్తుంది.

మూడో అలెగ్జాండర్, అలికసుదరుడు

మనం 'ది గ్రేట్' అని పిలుచుకునే వ్యక్తి, క్రీ.పూ. 356లో పెల్లాలో పుట్టి 323లో బాబిలోన్‌లో మరణించిన మాసిడోనియా రాజు, ఆ వంశంలో మూడో అలెగ్జాండర్. మొదటివాడు క్రీ.పూ. 5వ శతాబ్దం తొలి సగంలో ఏలాడు. రెండోవాడు స్వయానా ఈయన పెదనాన్న, హత్యకు గురైన రాజు. కొడుక్కి ఆ పేరు పెట్టినప్పుడు ఫిలిప్ ప్రపంచ విజేతను ఊహించాడో లేదో గాని, ఇంట్లో ఉన్న పేరునే తీసి పెట్టాడు. ముప్పై రెండేళ్లకే ఆయన చనిపోయిన తరువాత పేరు కట్టలు తెంచుకుంది. యూదుల రాజు యన్నాయి కూడా క్రీ.పూ. 103 నుంచి 76 దాకా అలెగ్జాండర్ యన్నాయి అనే జంట పేరుతోనే ఏలాడు.

భారత ఉపఖండంలో ఈ పేరు చెక్కిన రాయి ఒకటి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో కళింగ యుద్ధం మిగిల్చిన పశ్చాత్తాపాన్ని చెప్పుకుంటూ, ధర్మవిజయం చేరిన దూరదేశపు యవన రాజులను ఐదుగురిని పేర్కొంటాడు. అంతియోక, తురమాయ, అంతికిని, మక, చివరగా అలికసుదర. నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ ప్రతిలో ఈ పేరు కనిపిస్తుంది. అశోకుని ప్రధాన శిలాశాసనాలు చెక్కిన కొద్ది చోట్లలో కర్నూలు జిల్లా ఎర్రగుడి ఒకటి.

ఈ అలికసుదరుడు మన పాఠ్యపుస్తకాల అలెగ్జాండర్ కాడు. అశోకుడు ఈ మాటలు చెక్కించే నాటికి ఆయన పోయి అరవై ఏళ్లు దాటింది. గ్రీసులోని ఎపైరస్ రాజు రెండో అలెగ్జాండర్ అని కొందరు, కోరింత్‌ను ఏలిన మరో అలెగ్జాండర్ అని కొందరు గుర్తించారు, ఇద్దరూ క్రీ.పూ. 3వ శతాబ్దపు మధ్యకాలం వారే కావడంతో కాలాన్ని బట్టి తేల్చడం సులువు కాదు. షాబాజ్‌గఢీ లేఖకుడు కూడా, తనకు వెయ్యేళ్ల ముందటి మైసీనే లేఖకుడి లాగానే, 'ద'కు ముందున్న అనునాసికాన్ని వదిలేశాడు. ఒకరి పలకతో మరొకరి రాయికి ఏ సంబంధమూ లేదు. ఆ ధ్వని రాతలో జారిపోయే స్వభావం గలది.

పాలీ గ్రంథాల్లో అలసంద అనే ఊరు కూడా వినిపిస్తుంది. అలెగ్జాండర్ పేరున వెలసిన ఒకానొక అలెగ్జాండ్రియాను అలా పిలిచారు. ఆ మాట వింటే తెలుగువారికి ముందు గుర్తొచ్చేవి అలసంద వడలే. రెండు మాటలూ ఒకేలా ఉన్నాయి గనుక ఆ గింజలు అలెగ్జాండ్రియా నుంచి వచ్చాయనుకోవడం నోరూరించే ఊహే గాని, ధ్వని పోలిక ఒక్కటే చుట్టరికానికి రుజువు కాదు. ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్ పేరుకూ ఇలాంటి పంచాయితీయే ఉంది: ఇస్కందర్ నుంచి వచ్చిందని ఒకరు, గాంధార నుంచి అని మరొకరు.

ఒక్కో దేశంలో ఒక్కో అలెగ్జాండర్

రష్యాలో ఈ పేరు వినగానే గుర్తొచ్చే తొలి వ్యక్తి మాసిడోనియా రాజు కాడు. 1240లో నేవా నది దగ్గర స్వీడిష్ సేనను ఓడించి, నెవ్‌స్కీ అనే బిరుదు పొంది, 1547లో పరిశుద్ధుడుగా ప్రకటితుడైన నొవ్‌గొరొద్ రాకుమారుడు. 1861లో అర్ధబానిసత్వాన్ని రద్దు చేసిన రెండో అలెగ్జాండర్‌తో కలిపి ముగ్గురు చక్రవర్తులు ఈ పేరుతో ఏలారు. మాస్కోలో అచ్చయిన తెలుగు అనువాదాలతో పెరిగిన తరానికి రష్యన్ పేర్ల తికమక బాగా తెలుసు: ఒక పేజీలో అలెక్సాంద్ర్ ఇవానొవిచ్, తరువాతి పేజీలో సాషా, వాళ్లమ్మ పిలిస్తే షూరా, అందరూ ఒక్కరే. సాషా అని అలెక్సాంద్రనూ పిలుస్తారు కాబట్టి వచ్చినది అబ్బాయో అమ్మాయో తెలియడానికి మరో రెండు వాక్యాలు చదవాల్సి వచ్చేది.

స్కాట్లండ్ దారి వేరు. 1107 నుంచి 1286 మధ్య ముగ్గురు రాజులు ఈ పేరుతో ఏలడం వల్ల అది అక్కడి నేలలో పాతుకుపోయింది. గేలిక్ నోట అలస్డేర్ అయింది, ముద్దుగా సాండీ అయింది, మాక్‌అలిస్టర్ అనే ఇంటిపేరయింది. ఆ ప్రభావం కొంత మన దాకా వచ్చింది కూడా: 1816లో మద్రాసులో అచ్చయిన తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ పూర్తి పేరు అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్, ఇంటిపేరుతో సహా మూడూ స్కాట్లండ్‌లో పరిపాటి పేర్లే. హంగరీలో ఇదే పేరు షాండోర్, స్పెయిన్‌లో అలెహాండ్రో, ఇటలీలో అలెస్సాండ్రో.

ఎంతమంది పెట్టుకుంటున్నారు?

ప్రాచుర్యాన్ని లెక్కించడం కనిపించినంత సులువు కాదు. అమెరికా సామాజిక భద్రతా సంస్థ ఏటా ప్రకటించే జాబితాలో 2009లో అలెగ్జాండర్ మగపిల్లల పేర్లలో 4వ స్థానంలో ఉంది. ఆ జాబితా మాత్రం ప్రతి స్పెల్లింగునూ వేరే పేరుగా లెక్కిస్తుంది. అలెక్స్, అలెహాండ్రో, జాండర్, అలెస్సాండ్రో అన్నీ విడివిడి వరుసలు. ఒక ఊహాలెక్క చూద్దాం. ఒక పట్టణంలో 1,000 మంది మగపిల్లలు పుట్టారు. 12 మందికి నోవా అని, 10 మందికి అలెగ్జాండర్ అని, ముగ్గురికి అలెహాండ్రో అని, ఇద్దరికి జాండర్ అని పెట్టారు. స్పెల్లింగు లెక్కలో నోవాదే మొదటి స్థానం. పేరు మూలాన్ని బట్టి లెక్కిస్తే 15 మందితో అలెగ్జాండర్‌ది. రెండు లెక్కలూ తప్పు కావు, రెండూ వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. తండ్రికి తన కొడుకు తరగతిలో అదే పేరు గల పిల్లలు ఎందరన్నది కావాలి, చరిత్రకారుడికి మూలం కావాలి.

పేరు పుట్టిన గ్రీసులో ఇది మొదటి వరుసలో లేకపోవడం మరో వింత. అక్కడ పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టడం ఇప్పటికీ బలంగా ఉన్న ఆచారం. అందువల్ల తరతరాలుగా జార్జ్, జాన్, కాన్‌స్టంటైన్, డిమిట్రియోస్, నికోలస్ పేర్ల గ్రీకు రూపాలే తిరుగుతుంటాయి. తాత అలెక్సాండ్రోస్ కాకపోతే మనవడూ కాడు. ఫ్యాషన్ మారినా జాబితా మారని చోట ప్రాచుర్యం అంటే ఇష్టమా, వంశాచారమా అన్నది అంకెల్లో తెలియదు.

అలెగ్జాండర్ సికందర్ ఎలా అయ్యాడు?

అరబ్బీలో 'అల్' అనేది నామవాచకానికి ముందు వచ్చే ఉపపదం. గ్రీకు పేరు మొదట్లోనూ 'అల్' వినిపించడంతో అరబ్బులు దాన్ని ఆ ఉపపదంగా తీసుకుని అల్-ఇస్కందర్ అన్నారు. పక్కన 'క్స' తిరగబడి 'స్క' అయింది. తెలుగులో 'నవ్వులాట' 'నవ్వుతాలు' అయినంత మార్పు కూడా కాదిది, పక్కపక్క హల్లులు చోటు మార్చుకున్నాయంతే. ఉపపదాన్ని తీసేస్తే ఇస్కందర్. మొదటి ఇకారం జారి స తరువాత చేరితే సికందర్.

ఈ పేరును తమదిగా చేసుకున్నవారిలో, విచిత్రంగా, ఆయన చేతిలో ఓడినవారూ ఉన్నారు. జరతుష్ట్ర మతస్తులు పహ్లవీ అనే పాత పారశీక భాషలో చేసిన రచనలు ఆయనను 'గుజస్తక్', అంటే శాపగ్రస్తుడు, అని తిట్టాయి; గ్రంథాలు తగలబెట్టాడని నిందించాయి. 1010 ప్రాంతంలో ఫిర్దౌసీ పూర్తిచేసిన షానామాలో మాత్రం సికందర్ పారశీక రాజు దారాబ్ కొడుకే, ఓడిన దారాకు సవతి సోదరుడే. శత్రువును ఇంటివాడిని చేసుకున్నాక పేరు పెట్టుకోవడానికి అడ్డేముంది? ఫార్సీ ఆస్థానాలతో పాటు ఆ పేరు హిందుస్తాన్‌కు వచ్చి బిరుదయింది. అల్లావుద్దీన్ ఖిల్జీ తన నాణేల మీద 'రెండో సికందర్' అని వేయించుకున్నాడు. 1489లో ఢిల్లీ గద్దెనెక్కిన నిజాం ఖాన్ సికందర్ లోడీ అయ్యాడు. ఆగ్రా పక్కన అక్బర్ సమాధి ఉన్న సికంద్రా, ఉత్తరప్రదేశ్‌లోని సికందరాబాద్ ఆయన పేరు మీదివి.

పలకమీది అక్షరాలు

మన సికింద్రాబాద్‌కు వచ్చింది ఆ లోడీ పేరు కాదు. నిజాంతో 1798లో కుదిరిన సంధి తరువాత హుస్సేన్ సాగర్ అవతల దిగిన ఈస్టిండియా కంపెనీ సైన్యపు కంటోన్మెంటుకు 1806లో, అప్పటి పాలకుడు మూడో అసఫ్ జా పేరున ఈ పేరు పెట్టారు. 1803 నుంచి 1829 దాకా ఏలిన ఆయన సొంత పేరు మీర్ అక్బర్ అలీ ఖాన్, బిరుదు సికందర్ జా. ఫార్సీలో 'జా' అంటే హోదా, వైభవం. సికందర్ జా అంటే సికందర్ అంతటి వైభవం గలవాడు. సులేమాను మంత్రి ఆసఫ్ అంతటివాడు అసఫ్ జా అయినట్టే. కాబట్టి ఊరి పేరు నిజాముదన్నవారు చెప్పింది నిజం. ఆ నిజాం బిరుదులో పోలికగా నిలిచినది మాసిడోనియా రాజేనన్నదీ నిజం.

తెలుగులోకి ఈ పేరు మరో రెండు దారుల్లోనూ వచ్చింది. తెలుగు బైబిలులో యేసు సిలువను మోసిన కురేనీయుడైన సీమోను కొడుకు అలెక్సంద్రు. పౌలుకు కీడు చేసిన కంచరివాడి పేరూ అదే. కాని తెలుగు క్రైస్తవుల ఇళ్లలో బిడ్డకు పెట్టుకునే పేరు అలెగ్జాండర్. బైబిలులో పేతురు, బడి రిజిస్టరులో పీటర్ అయినట్టే, చదివే రూపం గ్రీకు వైపు నుంచి, పిలిచే రూపం ఇంగ్లిషు వైపు నుంచి వచ్చాయి. ఇంగ్లిషువారు ఆ హల్లును నాదంతో పలుకుతారు గనుక మనం 'క్స' బదులు 'గ్జ' రాస్తున్నాం.

రైల్వే స్టేషన్‌లోని పసుపు పలకను ఒకసారి నిలబడి చదివితే ఈ కథంతా అక్కడే ఉంది. హిందీలో సికందరాబాద్, ఫార్సీలోని 'కందర' చెక్కుచెదరలేదు. తెలుగులో సికింద్రాబాద్, ఇకారం పక్క అక్షరానికి పాకింది, 'దర' కాస్తా 'ద్ర' అయింది. ఆ సంయుక్తాక్షరంతో మనకు తెలియకుండానే ఒక పాత రూపం తిరిగొచ్చింది. అరబ్బీ, ఫార్సీలు విడదీసిన 'ండ్ర్' ధ్వని, గ్రీకులో 'అండ్రోస్', మనిషి అనే ముక్క, తెలుగు నోట మళ్లీ 'ంద్ర'గా కలిసింది. దాని ముందున్న 'సిక' తిరగబడిన 'క్స'. అంటే అలెక్స్‌లోనూ మన రక్షలోనూ ఉన్న ఆ హల్లుల జంటే.